మా ఇంటి మూడు ఓట్లు

ఆ ఎన్నికలో నేను అవతలివాళ్ల గుర్తు నొక్కాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాశాక కూడా ఎవరైనా వస్తున్నారేమోనని ఒకసారి తలుపు వైపు చూశాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. వరసగా వానలు లేని ఏండ్లు. మా ఊరు గుత్తి కోట కొండ కనిపించేంత దూరంలో ఉంటుంది. నేను ఆ ఊరి కోడలిని. పుట్టింది మాత్రం మడకశిర దగ్గర, గొర్రెలు మేపుకునే ఇంట్లో. అమ్మవాళ్ల ఊళ్లో సగం మాటలు కన్నడమే. పెళ్లయి పదేళ్లు దాటినా భయం వేస్తే నా నోటికి కన్నడమే వస్తుంది. ఆ ఏడు నేను కన్నడం చాలానే మాట్లాడాను.

మా ఆయన ఒక పార్టీలో తిరిగేవాడు. పాత పద్ధతులు పోకూడదు, గుళ్లు నిలవాలి, పెద్దల మాట చెల్లాలి, ఇంటికి కట్టుబాటు ఉండాలి అని చెప్పే పార్టీ అది. మా మండలానికి దాని అధ్యక్షుడు మా పెద్దమామ, అంటే మా ఆయనకు సొంత పెదనాయన. హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. మా ఆయన చిన్నప్పుడే మామగారు పోతే, ఆయన్ను చదివించి, పొలం పంచి ఇచ్చి, పెళ్లి చేసింది పెద్దమామే. అందుకని పెద్దమామ కూర్చోమంటే మా ఆయన కూర్చునేవాడు, నిలబడమంటే నిలబడేవాడు. పార్టీ మీటింగులు ఊరి బయట ఆంజనేయస్వామి గుడి మండపంలో జరిగేవి. ఆడవాళ్లకు అక్కడ పని లేదు. టీ మాత్రం మేమే కాచి పంపాలి.

పోలింగు ముందు వారం మా ఆయన వీధి వీధీ తిరిగి ఒక పట్టీ రాశాడు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లు, అందులో మనవి ఎన్ని అని. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఎవర్నీ ఏమీ అడగలేదు. అత్త, ఆయన, నేను, మూడు అని రాసి కింద గీత గీశాడు. నేను అక్కడే కూర్చుని రాగులు చెరుగుతున్నాను. అడిగి ఉంటే ఏమని చెప్పేదాన్నో నాకే తెలియదు. ఆయన అడగలేదు కాబట్టి నాకు ఆ ఇబ్బంది రాలేదు.

అవతలి గుర్తు ఎందుకు నొక్కానంటే, కోపంతో. నాకు కోపం తొందర. మాకు రెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. మామగారు పెట్టిన చెట్లు. ఆ ఎండాకాలం కరెంటు వచ్చేదే కాసేపు, ఆ వచ్చేది కూడా బలం లేకుండా వచ్చేది. లో వోల్టేజీకి మోటారు రెండుసార్లు కాలిపోయింది. నేనూ అత్తా బిందెలతో మోసి పోసిన నీళ్లకు ఏ చెట్టు బతుకుతుంది? ఒక్కో వరసా ఎండిపోతుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది. అప్పుడు రాజ్యం ఏలేవాళ్లతో మా పార్టీకి పొత్తు. అడిగితే పెద్దమామ, ఓపిక పట్టాలమ్మా అనేవాడు. ఆయన చెట్లు కాలువ కింద ఉన్నాయి, ఆయనకు ఓపిక ఉంటుంది.

మా ఊళ్లో మిషను మీద ఓటు వేయడం అదే మొదటిసారి. అట్ట చాటుకు వెళ్లి నిలబడ్డాను. పై నుంచి కిందికి గుర్తులన్నీ చూశాను. మోటారు గుంత దగ్గర రేకు డబ్బా మీద కూర్చుని అత్త ఏడ్చిన సంగతి గుర్తొచ్చింది. నొక్కేశాను. అది పొడుగ్గా కూత పెట్టింది. బయటికి వినిపించి దొరికిపోయాననుకున్నాను. మా ఆయన లోపలే ఏజెంటుగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

మా పార్టీ ఓడిపోయింది. మామూలుగా కాదు, చిత్తుగా ఓడిపోయింది. నాలుగు రోజుల తరువాత ఏ బూతులో ఎన్ని పడ్డాయో కాగితాలు వచ్చాయి. మా బూతులో మా ఆయన పట్టీకీ మిషన్‌లో పడ్డవాటికీ పొంతన లేదు. మనవి అని గీత గీసిన ఇళ్లలోనే ఓట్లు ఎటో పోయాయి. మా ఆయన ఆ కాగితం పట్టుకుని అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. నేను కంచం పెట్టి లోపలికి వచ్చేశాను.

అక్కడి నుంచి పార్టీ నిలువునా చీలింది. రెండో గుంపుకు పెద్ద ఒక కంట్రాక్టరు. రోడ్డు పనులు చేసేవాడు. నలభై కూడా నిండలేదు. వెనక ఎప్పుడూ రెండు జీపులు. టికెట్టు తనకే వస్తుందనుకున్నాడు, పెద్దమామ వాళ్లు అడ్డం పడి ఇంకొకరికి ఇప్పించారు. ఇప్పుడు కంట్రాక్టరు, ముసలోళ్లు లోపాయికారిగా అవతలోళ్లతో కుదుర్చుకుని పార్టీని ముంచారు అన్నాడు. పెద్దమామ, టికెట్టు రాలేదన్న కడుపుమంటతో నువ్వే వెన్నుపోటు పొడిచావు అన్నాడు. ఎవరూ అవతలి పార్టీని ఒక్క మాట అనలేదు. గెలిచినవాళ్ల మీద వీళ్లకు కోపమే లేకపోయింది.

టౌన్‌లో కల్యాణ మండపంలో సమీక్ష అని పెట్టారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. జేబు చిరిగి, చెవి వాచి తిరిగొచ్చాడు. కుర్చీ తగిలిందట. ఎవరు విసిరారని అడిగితే, మనోడే అన్నాడు. ఏ మనోడని అడిగితే చెప్పలేదు. ఆ తరువాత ఊళ్లో ఒకే జెండా కింద రెండు గుంపులు. వాళ్లు ఎరువుల అంగడి మేడ మీద కూర్చునేవాళ్లు, మావాళ్లు గుడి మండపంలో. టీ హోటల్లో బల్లలు కూడా పంచుకున్నారు. పొద్దున లేస్తే అన్నా, మామా అని పిలుచుకున్నవాళ్లు పక్కనుంచి పోతూ కాండ్రించి ఉమ్మడం మొదలుపెట్టారు.

ఇదంతా చూసి మొదట నాకు నవ్వొచ్చింది. తరువాత ఒక మధ్యాహ్నం పెద్దమామ కళ్లంలో శనక్కట్టె వామి, అంటే ఎండిన వేరుశనగ మేత కుప్ప, అంటుకుంది. కరువులో పసరానికి అదే అన్నం. పట్టపగలు, గాలి కూడా లేదు. ఊరంతా బిందెలతో పరుగెత్తింది. కానీ ఎరువుల అంగడి వైపు వాళ్లు ఎవరూ రాలేదు. ఎవరు అంటించారో ఎవరూ చూడలేదు. మంట ఆరాక పెద్దమామ బూడిద వైపు చూస్తూ, పోలీసులకు చెప్పొద్దు అన్నాడు. మా వైపు పోలీసులకు చెప్పొద్దు అన్నారంటే ఆ లెక్క వాళ్లే చూసుకుంటారని అర్థం. చెట్లు నరుక్కోవడంతో మొదలై మనుషుల దాకా వచ్చిన ఊళ్లు మా చుట్టూ ఉన్నాయి. ఆ ఊళ్లలో ఆడవాళ్ల మొహాలు నేను సంతలో చూశాను.

ఆ మరుసటి రోజు సోమవారం. టీ హోటలు ముందర పదిమందిలో కంట్రాక్టరు పెద్దమామను నిలదీశాడు.

"నీ మనుషుల ఇండ్లలోనే ఓట్లు పడలేదు పెద్దాయనా. మీవోళ్లు కానిది ఇంగెవురు చేసినారు?"

పెద్దమామ ముప్పై ఏళ్లు బెత్తం పట్టుకున్న మనిషి. ఎవరైనా వేలెత్తి చూపితే తట్టుకోలేడు. "నా మనుషులు దేవుని ముందర చెప్తారు. శనివారం గుడికి రా. ఒగొగడు తడిబట్టల్తో నిలబడి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, మా ఇంటి ఓట్లన్నీ మన గుర్తుకే పడినాయని కర్పూరం ఆర్పుతాడు. నీ మనుషుల్నీ తీసకరా, చూస్తాం" అన్నాడు.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. కర్పూరం ఆర్పడమంటే మా వైపు ఆఖరి మాట. అరచేతిలో కర్పూరం వెలిగించి, ప్రమాణం చెప్పి, పిడికిలి మూసి ఆర్పేస్తారు. అబద్ధమైతే మూడు అమావాస్యల్లోపల ఎవరి తల మీద ఒట్టు పెట్టుకున్నారో వాళ్లకు కీడు జరుగుతుందంటారు. గట్టు జరుపుకుని అబద్ధం ఆడిన ఒకాయన కొడుకు ఎట్లా పోయాడో మా అత్త వేలు పెట్టి ఇల్లు చూపిస్తుంది. కోర్టులో అబద్ధం చెప్పే మనుషులు కూడా అక్కడ చెప్పరు. బిడ్డల్ని తేవాలని కంట్రాక్టరు అడగలేదు. పెద్దమామే కోపంలో కలిపాడు. ఇంటి ఓట్లన్నీ అన్న మాటా ఆయనదే. ఆ ఇళ్లలో ఉన్న ఆడవాళ్లను, అమ్మా నువ్వు ఎవరికి వేశావు అని పదిమందిలో ఒక్కడూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా వాళ్లకు రాలేదు.

మా ఆయన ఇంటికొచ్చి ఈ సంగతి సంతోషంగా చెప్పాడు. "శనివారంతో ఈ పీడ పోతాది. మనకేం భయం, మూడు ఓట్లూ మనవే గదా" అన్నాడు. నాలుగేళ్ల మా పాప ఆయన ఒళ్లో కూర్చుని ఆయన మీసం లాగుతోంది. నాకు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయాక పుట్టిన పిల్ల అది. పొయ్యి మీద రాగిముద్ద అడుగంటుతున్నా నేను కదల్లేదు. దేవరే, నన్న మగు, దేవుడా, నా బిడ్డ, అని లోపల కన్నడంలో అనుకుంటున్నాను.

సోమవారం నుంచి శనివారానికి మధ్య నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నేనెట్లా బతికానో నాకే తెలుసు. ఆయనకు నిజం చెబితే ప్రమాణం చేయడు. చేయకపోతే దొంగ ఇతనే అని తేలిపోతుంది. పెద్దమామ తల ఊళ్లో ఎత్తుకోలేడు. వామి తరువాత ఏం అంటుకుంటుందో. చెప్పకపోతే, ఆ మనిషి నమ్మకంతో, నవ్వుతూ, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అబద్ధం ఆడతాడు. దేవుడికి తెలుసు కదా అబద్ధం ఎవరిదో, నన్నే కొడతాడులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఒక గంట ధైర్యంగా ఉండేది. తరువాత పాప దగ్గేది, ఆ ధైర్యం పోయేది.

బుధవారం నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె పెట్టి నిలబడ్డాను. మావాళ్ల ఇళ్ల ఆడవాళ్లంతా ఉన్నారు. మామూలుగా ట్యాంకరు దగ్గర అరుపులు అవతలి ఊరికి వినిపిస్తాయి. ఆ పూట ఎవరూ నోరు విప్పలేదు. బిందెలు నిండుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక వీధి ఆమె, ఇద్దరు మొగపిల్లల తల్లి, నా పక్కకొచ్చి నన్ను చూడకుండా అడిగింది.

"ఇంట్లో అందురివీ కలిపి చెప్పాల్నంటనా అక్కా? మొగోళ్లది మాత్రం చెప్తే చాలదంటనా?"

"అందురివీ అంట" అన్నాను.

ఆమె బిందె సగం నిండకముందే ఎత్తుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లలో ముగ్గురు నలుగురు నా కళ్లలోకి చూడలేదు. నేనూ వాళ్ల కళ్లలోకి చూడలేదు. ఆ పూట అందరం ఒకరికొకరం చెప్పుకుని ఉంటే ఏమయ్యేదో. కానీ ఎవరి బిడ్డ భయం వాళ్లది. పైగా నోరు జారితే ఎరువుల అంగడికి చేరడానికి ఎంతసేపు.

అత్తను కదిలించి చూశాను. "ప్రమాణంలో చిన్నబిడ్డలు ఎందుకత్తా, వొద్దని చెప్పగూడదా" అన్నాను. అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ నా వైపు అదోలా చూసింది. "నిజం చెప్పేదానికి బిడ్డయితే ఏమి, పెద్దయితే ఏమి" అంది. ఇంకో మాట అడిగితే పట్టేసుకుంటుందని లేచి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున ఒక సంచిలో పాప గౌన్లు రెండు, నా చీర ఒకటి పెట్టుకున్నాను. మా అమ్మకు బాగలేదని కబురొచ్చిందని అత్తతో అబద్ధం చెప్పి బస్టాపుకు వెళ్లాను. బిడ్డ లేకపోతే బిడ్డ తల మీద ఒట్టు ఎట్లా పెడతాడు, అంతే నా ఆలోచన. బస్టాపులో కంట్రాక్టరు మనిషి ఒకడు మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. వాడు లేచి నాకు దగ్గరగా వచ్చాడు.

"యాడికి వదినా, సంచి ఎత్తుకున్యావు? రేపు ప్రమాణం గదా."

"మా యమ్మకు బాగలేదు."

"అట్లనా. పాపను ఈడ ఇడిసిపెట్టి పో వదినా. లేకుంటే జనం ఏమనుకుంటారు? అన్న భయపడి బిడ్డను దాటిచ్చినాడంటారు."

నవ్వుతూనే అన్నాడు. పాప బుగ్గ గిల్లాడు కూడా. బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. దుమ్ము రేపుకుంటూ అది వెళ్లిపోయింది. పాపే నా కొంగు లాగి, అమ్మా ఇంటికి పోదాం అంది.

ఇంటికి పోలేదు. నేరుగా తోటకు పోయాను. మా ఆయన ఎండిపోయిన చీనీ మొద్దులను గడ్డపారతో పెళ్లగిస్తున్నాడు. పాపను గట్టు మీద కూర్చోబెట్టి ఆయన దగ్గరికి వెళ్లాను. ఎట్లా మొదలుపెట్టాలో దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"నేను అవతలికి ఏసినా" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "ఏంది ఏసినావు?" అన్నాడు.

"ఓటు."

గడ్డపార వదిలేశాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన చుట్టూ చూశాడు, మూడు పొలాల అవతల దాకా. అప్పుడు కింద కూర్చున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. అంత భయం ఆ మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. దాన్ని చూసి నాకు ఇంకా భయమేసింది.

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు."

"మా యమ్మకు?"

"లేదు."

"ఎందుకేసినావమ్మే?"

నేను మోటారు గుంత వైపు చెయ్యి చూపించాను. ఆయన అటు చూడనేలేదు. "ఆ మోటరు నాది గాదా? నాకు మంట లేదా?" అన్నాడు. మట్టిబెడ్డ ఒకటి తీసుకుని చిదిపాడు. "నేను రేపు నిలబడకుంటే పెదనాయనను ఊర్లో ఉండనియ్యరు. నన్ను యా దావలో పట్టుకుంటారో తెల్దు. నిలబడితే..." పాప వైపు చూసి ఆగిపోయాడు. పాప గట్టు మీద చీమల పుట్టలో పుల్ల పెట్టి ఆడుకుంటోంది.

"నేనే గుడికి వచ్చి చెప్తా. తప్పు నాది" అన్నాను.

"నోరు మూసుకో" అన్నాడు. అదొక్కటే ఆయన గట్టిగా అన్న మాట. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. మర్నాడు ఏం చేస్తాడో నాకు తెలియదు.

శనివారం పొద్దున్నే ఊరంతా గుడి ముందర చేరింది. రెండు గుంపులూ అవే కండువాలు వేసుకుని ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆడవాళ్లం గోడ పక్కన. బోరింగు దగ్గర స్నానం చేసి తడిపంచెలతో ఒక్కొక్కరూ వస్తున్నారు. మొదట పెద్దమామ. మనవణ్ణి పక్కన పెట్టుకుని, బడిలో పాఠం చెప్పినట్టు గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి చెప్పాడు. పిడికిలి మూశాడు. ఆయన మొహంలో ఏ అనుమానమూ లేదు. గోడ పక్కన ఆయన భార్య, మా పెద్దత్త, మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నేల చూస్తోంది. నేను మొహం తిప్పుకున్నాను.

తరువాత వెనక వీధి ఆమె మొగుడు. వాడు ఇద్దరు పిల్లల్ని రెండు పక్కలా నిలబెట్టుకున్నాడు. పూజారి కర్పూరం పెట్టేలోపు ఆమె ఉన్నచోటనే కుప్పకూలింది. నీళ్లు చల్లారు, విసిరారు. ఆ గొడవలో వాడి వంతు దాటిపోయింది. ఆమె కళ్లు మూసుకునే ఉంది కానీ చేత్తో చిన్నవాడి చొక్కా గట్టిగా పట్టుకుని ఉంది. నాకూ ఆ తెలివి ఉంటే బాగుండేది.

మా ఆయనను పిలిచారు. పాప ఆయన భుజం మీద ఉంది. తడిపంచె చల్లదనానికి ముడుచుకుంది. ఆయన గడప దగ్గరికి వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, పాపను నా చేతుల్లో పెట్టాడు. నన్ను చూడలేదు.

"బిడ్డ తల మీదన్నారే" అని కంట్రాక్టరు అన్నాడు.

"బిడ్డ నాదొగని సొత్తు గాదు" అన్నాడు మా ఆయన. "నా తల నాది."

గుంపులో గుసగుసలు. కంట్రాక్టరు పూజారి వైపు చూశాడు. పూజారి ముసలాయన. తన మీద తాను పెట్టుకున్న ఒట్టు బిడ్డ మీద పెట్టిన దానికంటే తక్కువేమీ కాదన్నాడు. మా ఆయన ఎడమ చెయ్యి తన నడినెత్తిన పెట్టుకున్నాడు. కుడి అరచేతిలో కర్పూరం వెలిగింది.

"మా ఇంట్లో మూడు ఓట్లు. మూడూ మన గుర్తుకే పడినాయి. అబద్ధమైతే నా తల పగలాల."

పిడికిలి మూశాడు. పెద్దమామ కంటే ఎక్కువసేపు మూసి ఉంచాడు. నేను పాపను గుండెకు హత్తుకుని ఉన్నాను. బిడ్డ బతికింది అన్న సంతోషం ఒక్క గడియ వచ్చింది. ఆ వెంటనే ఆయన తడి జుట్టు మీద ఉన్న ఆ చెయ్యి కనిపించింది. ఏమి చేశాడో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చాక అరచేతిలో బొబ్బకు వెన్న రాశాను. ఎందుకు చేసినావని అడిగాను. "ఎవురో ఒగరి తల కావాల గదా" అన్నాడు. దాని గురించి మేము మాట్లాడుకున్నది అంతే.

మొదటి అమావాస్య లోపల ఆయన సైకిలు మీద నుంచి పడ్డాడు. మోచేయి గీరుకుపోయింది, అంతే. నేను మాత్రం రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయన గుత్తికి వెళ్తే బస్సు చప్పుడయ్యేదాకా గుమ్మంలోనే ఉండేదాన్ని. ఆయన బావిలోకి దిగితే నేను గట్టు మీద కూర్చునేదాన్ని. గుడికి వెళ్లి, నా తల మీద చెయ్యి పెట్టుకుని, అబద్ధం నాది స్వామీ, ఆయనది కాదు అని చెప్పాను. స్వామి విన్నాడో లేదో ఎట్లా తెలుస్తుంది. పూజారిని అడిగితే, ఒట్టు పెట్టినవాడే వచ్చి తీయాల తల్లీ అన్నాడు. ఎవరి ఒట్టు అని ఆయన అడగలేదు. నాకు ముందు ఇంకెందరు ఆడవాళ్లు వచ్చి అదే అడిగారో.

మూడో అమావాస్య వెళ్లిన వారానికి జిల్లా నుంచి పెద్దలు వచ్చి రెండు గుంపులనూ కలిపారు. మండల అధ్యక్ష పదవి కంట్రాక్టరుకు, గౌరవాధ్యక్షుడని ఒక పేరు పెద్దమామకు. అదే గుడి ముందర ఒకరికొకరు దండలు వేసుకున్నారు. భోజనాలు పెట్టారు. వామి ఎవరు అంటించారని పెద్దమామ అడగలేదు. ప్రమాణాల్లో ఎవరిది నిజం, ఎవరిది అబద్ధం అని కంట్రాక్టరు అడగలేదు. మా ఆయన ఆకులో కట్టిన లడ్లు తెచ్చి పాప చేతిలో పెట్టాడు.

"కలిసిపోయినారు" అన్నాడు.

"మరి నీ తల మీద పెట్టుకున్న మాటో?" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ లడ్లు తీసి గొడ్ల తొట్టిలో వేశాను. పాప ఏడ్చింది.

"అమావాసలు మూడూ పోయినాయి గదమ్మే. నేను బాగుండా. ఇంగ మర్చిపో" అన్నాడు ఆయన.

ఆయన మర్చిపోయాడనే అనుకున్నాను. మళ్లీ ఎన్నికలొచ్చాయి. పాప బడికి పోతోంది. తోటలో చీనీ బదులు రేగు పెట్టాం. ఒక పొద్దున మోటారు వేద్దామని వెళ్తే స్టార్టరు డబ్బా మూత సరిగా పడలేదు. లోపల ఏదో అడ్డముంది. తీసి చూస్తే ప్లాస్టిక్ కవరులో చుట్టిన మాత్రల అట్టలు. కొన్ని ఖాళీవి, కొన్ని కొత్తవి. అంగడిలో ఎవరైనా కొనుక్కునే తలనొప్పి మాత్రలే. నేను డబ్బా పక్కనే కూర్చున్నాను. ఎండలో పని చేసే మనిషి, తలనొప్పి ఎవరికి రాదు? మా అత్తకు రోజూ వస్తుంది, నాకు వారానికి ఒకసారి వస్తుంది. ఆ ప్రమాణం చేసిన రోజు నుంచి ఇన్నేళ్లలో, తల నొస్తాందని ఆయన నాతో ఒక్కసారి కూడా అనలేదు.